చేపలు పట్టని పడవ

ఈ పద్దుపుస్తకం నా చేతికొచ్చి ఆరేళ్ళు.
అట్ట మీద ఎవరో గుంటడు గీసిన హెలికాప్టరు బొమ్మ.
రెక్కలు మూడే, నాలుగోది తడికి కరిగిపోయింది.

తుఫాను వెలిసిన మూడోనాడు నిజంది ఒకటి వచ్చింది.
రేవంతా ఇసక లేపి,
ఆరేసిన వలల్ని జీడితోట దాకా ఎగరేసి,
నీళ్ళ ప్యాకెట్లు జారవిడిచి పోయింది.
అప్పటికే మాకు కావలసిన ముగ్గురూ
కావలసిన వేళ దాటిపోయారు.

"మనకీ ఒకటుంటే?" అన్నాడు మైలపిల్లి దానేసు.
పంతులుగారు పడవ చెక్క మీద సుద్దతో లెక్క కట్టారు.
అది గంటసేపు గాల్లో ఉండాలంటే
మా పేట నెల్లాళ్ళు నీళ్ళలో ఉండాలి.
అందరం నవ్వాం.
నవ్వి, ఎవరమూ ఇంటికి పోలేదు.

పడవకి వారానికి యాభై.
గంప మోసే ఆడాళ్ళకి పది.
వీరావల్‌లో ట్రాలర్లెక్కిన కుర్రాళ్ళు ఫోన్లో పంపేది వేరే పేజీ.
వేట లేని వారం సున్న రాస్తాను.
బాకీ అనను.

ఫైబరు పడవ, రెండు ఇంజన్లు, నారింజ రంగు.
కట్టుబాటు ఒక్కటే: దీంతో వల వేయకూడదు.
కోనెం గట్టుకొచ్చి తోకాడించినా సరే.

మొదటి ఏడాదంతా అది ఊరికే ఉంది,
తాటాకు పందిరి కింద
కడుపునిండా పెట్రోలు తాగి పడుకున్న ఇల్లరికపుటల్లుడిలా.
"పన్జెయ్యని పడవకి డబ్బులేటి?" అన్నాడు గనగళ్ళ సింహాద్రి,
అరుగు మీంచి, అందరికీ వినబడేలా.
నాకు జవాబు తెలుసు, ఆ వేళకి నోరు రాలేదు.
పన్లేని ఏడాదే కదా మనం కొనుక్కున్నది.

అతని పేరు ఎదుట గడులన్నీ ఖాళీ.
కార్తీకం చివర, వంశధార మొగ దగ్గర
సింహాద్రి తెప్ప బోల్తాకొట్టిందని ఫోనొచ్చినప్పుడు
దానేసు నన్ను పుస్తకం అడగలేదు.
టార్చిలైటు అడిగాడు.
రెండు గంటలకి మోసుకొచ్చాడు,
తడిసిన ఉప్పు బస్తాలా కారిపోతున్న మనిషిని.
వారం తరవాత అతని పెళ్ళాం వచ్చి
కొంగుముడి విప్పి ఏడాది డబ్బూ లెక్కపెట్టింది.
వద్దన్నా వినలేదు.
అతను మాత్రం ఇప్పటికీ
నేనెదురైతే బీడీ వెలిగించుకుంటాడు,
గాలికి ఆరిపోతే మళ్ళీ వెలిగించుకుంటాడు.

అన్నీ ఇలా ఉండవు.
నలభై ఏడో పేజీ నేను తిప్పను, గాలి తిప్పుతుంది.
పెట్రోలు ముప్పై ఎనిమిది లీటర్లు.
వెళ్ళినవాళ్ళు నలుగురు.
వెతికింది రాత్రి పదకొండు నుంచి పొద్దెక్కేదాకా.
ఆ పక్కన 'తెచ్చినది' అని ఒక గడి.
అందులో ఏం రాయాలో తెలీక
ఒక తెడ్డు, అని రాశాను.

ఆ తెడ్డు పట్టిన కుర్రాడి తల్లి సూరాడ ఎర్రమ్మ
ప్రతి ఆదివారం పది తెస్తుంది,
పొలుసు అంటిన నోటు.
"నీకెందుకప్పా ఇంక?" అన్నాను ఒకసారి.
"ఆడికోసం కాదే.
ఆ నలుగురూ రేత్రంతా తిరిగేరు కదా,
ఆలకి టీనీళ్ళకి."
పద్దులో టీకి గడి లేదు.
స్కేలు కనబడక, అగ్గిపెట్టె అంచుతో
ఒకటి గీశాను, కొంచెం వంకరగా.

మంగళవారం పొద్దున్నే ఇంజన్లు తిప్పి చూస్తారు,
ఐదే ఐదు నిమిషాలు.
పేటంతా ఉలిక్కిపడి లేచి,
ఓహో మంగళవారం, అనుకుని
మళ్ళీ పక్కకి ఒత్తిగిలుతుంది.
ఎర్రమ్మ ఒక్కతే పడుకోదు.
చప్పుడు ఆగేదాకా గుమ్మంలో నిలబడి,
ఆగాక
పొయ్యి రాజేస్తుంది.