ఒక్క గీటు

మట్టెవాడ సందులో మా నాయన దుకాణానికి బోర్డు లేదు.
అద్దం వెనక లైసెన్సు కాగితం ఒక్కటే.
దాని కింద మేకుకు
కప్పను మింగిన పాములా
మూతి దగ్గర ఉబ్బిన బ్యారెల్ ముక్క.
ఎవరిదని అడిగితే చెప్పడు.

మొన్న ఒక పిల్లగాడొచ్చిండు.
మట్టి పళ్లేలు కొట్టే పోటీకి పేరిచ్చిండట.
కొత్త తుపాకి, డబ్బాలో ఐదు చోక్ ట్యూబులు,
చేతిసంచి నిండ ఉక్కు రవ్వల తూటాలు.
"అన్నిట్ల బిగువుది ఎక్కియ్యి కాకా, దూరం పోవాలె."

నాయన ట్యూబు అంచును గోటితో తడిమిండు.
ఒక్క గీటు.
"గీట్లు తక్కువుంటే గొంతు ఇరుకు బిడ్డా,
ఎక్కువుంటే తెరుపు. లెక్క ఉల్టా. యాదిపెట్టుకో."

సీసం రవ్వను పట్టకారుతో నొక్కిండు.
అటుకైంది.
ఉక్కు రవ్వను నొక్కిండు.
జారి ఎగిరి, టీ గిలాసకు తగిలి ఖంగుమన్నది.

"సీసానిది బస్సు ఫుట్‌బోర్డు మీది గుణం,
ఒత్తుకొని, సొట్టపడి, ఎట్లనో దిగుతది.
ఇది ఒంగదు. గోడలే పక్కకు జరగాలె."

"మరి బిస్మత్?"
"నా చేతికి రాలే. పెళుసంటరు, సకినం లెక్క.
ఇరుకుల పిండితే ఇరుగుతదేమో."

"అయితే సీసమే కొనుక్కోరాదు?" అన్న నేను, రశీదు బుక్కు మూసి.
రేంజి పక్కన చెరువుందట.
పడ్డ సీసాన్ని ఇసుక రవ్వనుకొని బాతులు మింగుతున్నయట.
అందుకని బందు పెట్టిండ్రట.

నాయన చాలాసేపు మాట్లాడలే.
తర్వాత గోడ దిక్కు చూసిండు.

"కొమురెల్లిది అది.
మక్కచేన్ల పందులు పడ్తున్నయని పర్మిట్ తీసుకున్నడు.
పాత తుపాకి, ఫుల్ చోక్, ఊడేది గాదు.
ఎవడో ఇచ్చిన ఉక్కు తూటాలు పట్టుకొచ్చి
ఏమన్న అయితదా ఓదెలూ, అన్నడు.
నేను బువ్వ తింటున్న.
తలకాయ ఎత్తకుంటనే, ఏం గాదు పో, అన్న.
మూడో తూటాకు ఉబ్బింది.
మనిషికేం గాలే. తిట్టనన్న తిట్టలే.
మూతి కోసి, సాపు చేసి, తుపాకి ఇంటికి పంపిన.
మళ్ల ఈ సందుకు రాలే."

పిల్లగాడు టీ చల్లారబెట్టుకున్నడు.

నాయన నాలుగు గీట్లది తీసి
మర మీద మర పడేదాక చేత్తోనే తిప్పిండు,
ఆఖరు చుట్టుకే తాళంచెవి.

సాయంత్రం కాజీపేట అవతల, గుట్ట ముందర,
నలభై అంగల దూరాన
పోయినేడాది క్యాలెండర్ కాగితాలు నాలుగు అతికించి కట్టినం.
ఒక్క తూటా.
కాగితం విప్పి పొద్దుకు ఎదురుగ పట్టుకుంటే
అమాసలల్ల, ఆదివారాలల్ల, బ్యాంకు సెలవులల్ల
సన్నసన్నగ ఎలుగు.
నాయనకు చూపు తగ్గింది. లెక్క నాది.

"వలయంల ఎన్ని?"
"రెండు వందల ఇరవై ఆరు."

చెప్పు ఇప్పి, దాని మీద కూసున్నడు.
"మళ్ల లెక్కపెట్టు."