అనుమానం గంప

కాశీబుగ్గలో జీడిపప్పు కార్ఖానా మీద నా గది.
మేం రాస్తున్న తెలుగు కీబోర్డు అందరిదీ,
ఎవరి జీతమూ కాదు.

రాత్రి పదకొండు. ఎర్రగీత.
కోడ్ ఎవరూ ముట్టుకోలేదు.
మళ్లీ నొక్కితే పచ్చ. మూడోసారి ఎరుపు.

"ఇంకోసారి నొక్కు, అదే పోతుంది"
అంటుంది, ముఖం చూడని ఇంఫాల్ ఇబెంచా.
అలా నొక్కీ నొక్కీ
నిజంగా తెగిన రోజు కూడా నొక్కాం.
ఎన్ని ఫోన్లలోనో 'క్ష' రెండు ముక్కలైంది.

తెల్లారి, కింద దాలమ్మ పప్పు ఏరుతోంది.
మంచివి ఒక గంపలో, పుచ్చువి ఒక గంపలో.
మరి మూడోది?
"ఈటి మీద నాకు గురి లేదు బాబూ.
పారెయ్యను, కలపను.
సందేల మల్లీ సూస్తాను."

పైకొచ్చి ఆ పరీక్షను విడిగా పెట్టాను.
పక్కన నా పేరు, తిరిగి చూడాల్సిన తేదీ.
పేరు లేకపోతే
ఆ గంప చెత్తబుట్టే.

నాలుగో రోజుకి దొరికింది:
ఒకే ఫైలు కోసం రెండు పనుల తోపులాట,
సంతబస్సులో కిటికీ సీటుకి మల్లే.
తాళం వేశాను. ఇబెంచా సరి చూసింది.
వందసార్లు నడిపాను, వందా పచ్చ.

నూటొకటోది నడుస్తుండగా
కరెంటు పోయింది.