ఆకురాయి గీత

మూడో గేరు దొరుకుతుంది, మిగతావి అదృష్టం
అంటూ అబ్రెహెత్ తాళంచెవి నా బల్లమీద పడేసింది.
నిన్న రివర్సు వేయబోతే ఫస్టులో పడి
మరియమ్మ గుడి ముందు గొడుగు పట్టుకున్న పూజారి
వెంట్రుకవాసిలో బతికిపోయాడట.
ఆయన దీవించాడో తిట్టాడో,
అంతా గీజ్ భాషలోనే కదా, బోధపడలేదంది.

అస్మరాలో మబ్బు దిగొచ్చి నేలమీద నడిచే వేళ.
మెదెబర్ సంతంతా సుత్తుల చప్పుడు.
టైర్లు చెప్పులవుతూ, డ్రమ్ములు పొయ్యిలవుతూ,
ఏ ఇనుముకీ ఇక్కడ చావు రాసిపెట్టి లేదు.
ఆ సందు చివర యాభైయేడు మోడల్ ఫియట్,
నాకంటే ఏడాది పెద్దది,
స్టీరింగు మెడ పక్కన గేరు కడ్డీని
విరిగిన రెక్కలా వేలాడేసుకుని.

హారను మూత ఊడదీశాను. నట్టు కదల్లేదు.
కిరోసిన్ పోసి కూర్చున్నాను.
మా కాఫీకి మూడు వాయిలు, మూడోదాని పేరు ఆశీర్వాదం.
అది గొంతు దిగాకే నట్టూ దిగొచ్చింది.

చక్రం లాగేముందు ఇరుసుమీదా చక్రంమీదా కలిపి
ఒక్క గీత గీయమన్నాను తెమ్నిత్‌ని.
మా చెల్లెలి మనవరాలు. ఎందుకని అడక్కుండా ఏ పనీ చేయదు.
పళ్ళల్లో ఒక్కటి తప్పినా
బండి తిన్నగా పోతుంటే చక్రం వంకరగా నిలబడుతుందే,
జీవితాంతం ఆ డ్రైవరు తప్పు తనదే అనుకుంటాడు.

వోలాంతె, కాంబ్యో, ఫ్రిజ్యోనె.
ఈ సామానుకి మేమింకా ఇటాలియన్ పేర్లే వాడతాం.
పెట్టినవాళ్ళు ఓడలెక్కి పోయారు,
పేర్లు మాత్రం గ్రీజులా గోళ్ళకింద ఉండిపోయాయి.

కడ్డీ కిందికి జారింది. అడుగు బ్రాకెట్లో బుష్షు,
మైనంలా గట్టిపడ్డ నలుపులో కూరుకుపోయి.
గుడ్డతో తుడిచాను.
ఇత్తడి. కొళాయి ఇత్తడి.
లోపల నూనె కోసం కోసిన కాలువ
మెలిక అందరిదీ ఒకవైపైతే
దీనిది ఇంకోవైపు.

అలా కోసేవాడు ఈ ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు.
ఎడంచేతివాడు. పదిహేనేళ్ళవాడు.
మూతబడ్డ హోటల్ స్నానాలగది కొళాయిని
మూడు రోజులు ఆకురాయితో అరగదీసినవాడు.

మా మేస్త్రి బెర్తొలాజ్జి దాన్ని వెలుతురుకెత్తి చూసి
నవ్వకుండా, తిట్టకుండా
తుక్కు డబ్బాలో పడేశాడు.
టంగుమన్న ఆ చప్పుడు
నా పెళ్ళినాడు వినబడింది.
ఈ కొట్టు తెరిచిననాడు వినబడింది.
జెరెజ్గి చేయి తిరిగినవాడని పదిమంది అంటున్నప్పుడల్లా
చెవిలో ఎక్కడో టంగుమనేది.

మరి ఇదిక్కడికెలా వచ్చింది?
నేనింటికెళ్ళాక డబ్బాలోంచి ఏరుంటాడు.
అంచులు సరిచేసుంటాడు, ఇదిగో ఒక పక్క
నాది కాని సన్నటి ఆకురాయి గీత.
చెప్పొచ్చు కదా ముసలాడా.
ఒక్క మాట. మస్సావా రేవులో ఓడెక్కేముందైనా.
యాభై ఏళ్ళు ఊరంతా తిరిగింది నా చెత్త బుష్షు!

ఏమైంది తాతా అంది తెమ్నిత్.
కంట్లో కిరోసిన్ అన్నాను.

కొత్త బుష్షు ఆ పిల్లే తీసింది లేతు మీద.
నూనె రాస్తే దిగింది, కడ్డీ ఊగడం మానింది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, రివర్సు,
ఎవరింటి గుమ్మంలోకి వాళ్ళు వెళ్ళినట్టు.
బాగుంది అందామని నోరు తెరిచాను.
ఊఁ అని మాత్రం వచ్చింది.

చక్రం ఎక్కించి నట్టు బిగించాను.
తాతా, గీత కలవలేదు, ఒక పన్ను పక్కకి పోయింది.
తాతకు దగ్గు నేర్పకు అన్నాను.
అది మారు మాట్లాడకుండా వెళ్ళి
నా కళ్ళద్దాలు తెచ్చిచ్చింది.

మళ్ళీ విప్పుతున్నాం.
అబ్రెహెత్ గడియారం చూసుకుంటోంది.
పాత బుష్షు నా ప్యాంటు జేబులో ఉంది,
వంగినప్పుడల్లా తొడకి గుచ్చుకుంటూ.