గురువారం, తార్నాక

మెట్రో మెట్ల కింద టిఫిన్ సెంటర్.
నిలబడి తినే బల్ల దగ్గర
రుహీనా ఇడ్లీని రెండు చేసింది, నాలుగు చేసింది,
ఎనిమిది చేయబోయి నా వైపు చూసింది.
నా ప్లేట్లోనూ అదే ఎక్కం.
నవ్వొచ్చింది ఇద్దరికీ,
దొంగను దొంగే పట్టినట్టు.

అమ్మ "తినవే" అని బతిమాలుతుంది.
డాక్టరమ్మ కాగితం మీద రాసిస్తుంది.
రుహీనా ఏమీ అనదు.
నా చెంచా లేచేదాకా
తన చెంచాని గాల్లో ఆపి ఉంచుతుంది.

"నిన్న రాత్రి?"
"బాత్రూం తలుపు దాంక పోయిన.
నీకు ఫోన్ చేద్దామనుకున్న, చెయ్యలే.
గడప మీదనే కూసున్న, తెల్లారింది."
"చెయ్యాల్సింది కదా."
"సోమవారం నువ్వు చేసినవా?"
సాంబార్లో ములక్కాడ ముక్కని
అటూ ఇటూ తిప్పాను చాలాసేపు.

బల్ల మీద మూడో చెంచా.
కమలిని గారిది. యాభై నాలుగేళ్లు.
రెండు వారాలు వచ్చి మానేశారు.
ఈ వయసులో ఈ జబ్బేంటని
కోడలు నవ్విందట.

తడిగుడ్డతో వచ్చిన కుర్రాడు
"ఇది తీసెయ్యాల్నా అక్కా?" అన్నాడు.
ఉండనీ,
ఇంకా తింటున్నాం.