నడిమ బోడి

మూడేండ్ల కింద కాజీపేట రైల్వే క్వార్టర్ల వెనక
పీకి పారేసిన కుప్పలోంచి
అరచేతి మందం పిలకను రుమాలులో చుట్టుకొచ్చాను.
పేరు తెలియదు.
నర్సరీ ఓదెలు "ఫౌంటెన్ గడ్డి సారూ" అన్నాడు.
మా అత్త "నక్కతోక" అన్నది.
నక్కతోకే నిలిచింది.

ఇప్పుడది ప్రహరీకి ఆనుకొని
బోర్లించిన వడ్ల గంపంత అయింది.
అంచు పొడుగునా పచ్చటి పోచలు, ఊదారంగు కుచ్చులు
వచ్చేపోయేవాళ్ళ మోచేతులు నిమురుతుంటాయి.
నడుమ మాత్రం
బట్టతల.
నీళ్ళు పోశాను. పెంటెరువు వేశాను.
ఒక ఆదివారమంతా దానితో మాట్లాడాను కూడా,
ఎవరికీ చెప్పకండి.

"ఎరువు గాదు సారూ, ఎడం గావాలె.
పానం అంచులకు వొయింది.
పుట్టిన కాడ ఏమున్నది, ఎండిన మొదలు."

మిరుగం పొద్దు.
హనుమకొండ గల్లీల నిండా చేపల పులుసు వాసన.
రాత్రి రాలిన నాలుగు చినుకులకు
మొరం నేల కాస్త మాట వినేట్టుంది.
జానెడు మొదలుంచి మీదిదంతా కొడవలితో కోశాం.
పోచకు పళ్ళుంటాయని
ముంజేతి మీద ఎర్రగీతలు లేచాకే తెలిసింది.
చుట్టూ గడ్డపార దించి
ఇద్దరం ఒకే కాడికి మెడ పెట్టినట్టు ఒంగి పెకిలిస్తే
భూమి "హుఁ" అన్నది.

అవి వేళ్ళా!
నులకమంచం అల్లిక. ఎక్కడ మొదలో ఎక్కడ కొసో.
నా కూరగాయల కత్తి వంగిపోయింది.
వడ్రంగి ఉప్పలయ్యను అడిగి రంపం తెచ్చాం.
పరపరమంటుంటే
నా పంటి కింద ఇసుక పడ్డట్టయింది.
"నొవ్వదా ఓదెలూ?"
చెవి మీది బీడీ తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకొని
"దాన్నే అడుగుండ్రి. నాకు దుబ్బుల భాష రాదు."

ఎండు ముద్ద రెండుగా విచ్చుకునేసరికి
లోపల గోండ్రుకప్ప.
గొంతు కింద తోలు ఆడిస్తూ
కిరాయి బాకీ లేనివాడిలా కూర్చుంది.
నేను చచ్చిపోయిందని బెంగపడ్డ చోట
దాని చల్లటి అర్ర.
ముగ్గురం కాసేపు ఒకరినొకరం చూసుకున్నాం.
రంపం నా చేతిలో ఉన్నందుకు
నాకే సిగ్గేసింది.
అది మాత్రం తొందరేమీ లేకుండా
నీళ్ళ గోలెం చాటుకు నడిచిపోయింది.

ఏడు పిలకలు తేలాయి.
రెండు ఈ గోడకే, మూరెడు ఎడంగా.
తస్లీమా టీచర్ మేడ మీది పగిలిన బకెట్లోకి ఒకటి.
తడి గోనెలో చుట్టుకొని, సైకిల్ వెనక
ధర్మసాగర్ దాకా ఊగుతూ పోయినవి మూడు.
ఏడోది గోడ మీద పెట్టి మరిచాను,
పొద్దుగూకేసరికి లేదు.
ఎవరి పెరట్లో ఏ పేరు పెట్టుకుంటారో.

నాలుగు రోజులు రెండూ చీపురు మొండాల్లా నిలబడ్డాయి.
అయిదోనాడు ఒకదాన్లో
సూది మొనంత పచ్చ.
రెండోది ఇంకా ఆలోచిస్తున్నది.

ఎండు నడుమను పారేయబుద్ధి కాలేదు.
గోలెం పక్కన బోర్లించాను.
నిన్న రాత్రి గట్టి వాన.
కరెంటు పోయిన చీకట్లో, దాని కిందినుంచి
ఎవరో
గొంతు సవరించుకున్నారు.