ముప్పై ఐదు శాతం

విశాఖ ఫిషింగ్ హార్బర్, ఐసు ఫ్యాక్టరీ ఆఫీసు.
తెల్లారగట్ల మూడున్నర.
అప్‌డేట్ ముప్పై ఐదు శాతం దగ్గర
ఇసకలో దిగబడ్డ తెప్ప.

“ఆపీమంటావేటి?” స్విచ్చి మీద వేలుంచి ఎల్లాజీ.
“ముట్టుకోకు.”
బయట బోట్లు. ఐసు చీటీ ఇస్తేనే కదుల్తాయి.
ఈలోగా కరెంటే పోయింది.

మూత విప్పితే లోపలిదాకా సముద్రం.
ర్యామ్ పళ్ళ మీద తెల్లటి ఉప్పు.
జేబులో ఎప్పుడూ ఉండే పెన్సిలు రబ్బరుతో
రుద్ది, ఊది, నొక్కాను.
ఒక్క బీప్.

మోనిటర్ అంచున అంటించిన పాస్‌వర్డ్:
ఆయన బోటు పేరు, అది మునిగిన సంవత్సరం.
మార్చమని మూడేళ్ళుగా మొత్తుకుంటున్నా.
ఇవాళ యంత్రమే అడిగింది.
చాలాసేపు కీబోర్డు వంక చూసి
సంవత్సరం తీసేశాడు,
పేరొక్కటే ఉంచాడు.

తెర మీద ఎర్రక్షరాలు:
బలహీనంగా ఉంది.