సోమవారం నాటి రొట్టె

ఆఖరి పడవ దిగి, బరైరోలో
మెట్లెక్కుతుంది దెయొలిందా.
మూడంతస్తులు. మధ్యలో రెండుసార్లు ఆగి.
లిస్బన్‌లో పదకొండు ఆఫీసుల నేల తుడిచిన చేతులకు
ఇక ఉల్లిపాయ తరిగే ఓపిక లేదు.

అలమర తెరవక్కర్లేదు, తెలుసు:
శనగల డబ్బా ఒకటి, నెలాఖరు దాకా ముట్టకూడనిది,
అడుగంటిన ఆలివ్ నూనె సీసా,
సోమవారం నాటి రొట్టె.
ఇవాళ గురువారం.
బల్లకేసి కొడితే ఎవరో తలుపు తట్టినట్టుంటుంది.

రెండో అంతస్తు ముసలాయన కుండీలోంచి
దారిలోనే గిల్లుకొచ్చింది కాస్త కొత్తిమీర.
అడగలేదు.
ఆయన చెత్తసంచి రోజూ కిందికి దించేది తనేగా.

రెండు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు రాళ్లుప్పు,
గ్లాసు అడుగుతో నలిపింది.
రోలు తీస్తే పిల్లాడు లేస్తాడు.
ఈల వెయ్యకముందే కెటిల్ దించి
సలసల కాగే నీళ్లు పోసింది.
వంట అయిపోయింది.

గిన్నెలో రొట్టె ముక్కలు
కాసేపు మొండికేసి తేలాయి,
తర్వాత మెల్లగా భుజాలు దించాయి.
అప్పుడు కూర్చుంది తనూ,
కోటు విప్పకుండానే.

ఉన్నది ఒకటే గుడ్డు.
రేపటికని పక్కన పెట్టబోతుంటే
గుమ్మంలో తెల్మో,
కళ్లు సగం మూసుకుని,
చేతిలో రెండు చెంచాలు.

"నేనేం చప్పుడు చెయ్యలేదే!"

"వెల్లుల్లి చేసింది," అన్నాడు.